విశాఖ ఉప్పుగాలికి కట్టెల పిజ్జా పొయ్యి నిలవాలంటే ఎలా కట్టాలి?

అందరికీ నమస్కారం. మాది ఎండాడ. పెరట్లో కట్టెలతో కాల్చే పిజ్జా పొయ్యి కట్టించాలని ఇంటిల్లిపాదికీ ఆశ. లోపలి వెడల్పు 90 సెంటీమీటర్లు, గుమ్మటం ఎత్తు 45, ద్వారం ఎత్తు 28 అనుకున్నాం. ద్వారం గుమ్మటంలో సుమారు 63 శాతం ఉంటే పొగ, వేడి సరిగ్గా తిరుగుతాయంటారు కదా, ఆ లెక్కే.

మా మేస్త్రి పనిమంతుడే, కానీ మామూలు ఇటుక, సిమెంటు చాలంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. నేపుల్స్ తరహా పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలాలంటే అడుగు 400 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఆ వేడికి మామూలు సిమెంటు పట్టు వదిలేస్తుంది. అందుకే ఫైర్ బ్రిక్స్ (వేడిని తట్టుకునే ఇటుకలు), ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమన్ను) వాడదామని గట్టిగా చెప్పాను.

అసలు బెంగ తేమ గురించి. వేడి బయటికి పోకుండా గుమ్మటం మీద వేసే వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే వేడిని ఆపదు. పైగా లోపల తేమ ఉండగా పెద్ద మంట పెడితే ఆవిరి పుట్టి గుమ్మటం బీటలిస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాను వానలు మీకు తెలిసినవే. సముద్రం దగ్గర ఇలాంటి పొయ్యి కట్టినవాళ్లు సిరామిక్ ఫైబర్ దుప్పటి వేశారా, వర్మిక్యులైటా? పైపూతకు సున్నం మంచిదా? రేకుల కప్పు తప్పనిసరా? చిన్న మంటలతో ఆరబెట్టడం ఎన్నాళ్లు చేశారు?

ఫైర్ బ్రిక్స్ పదులూ ఇరవైలూ కాకుండా ఓ రెండొందలు చిల్లరగా గాజువాక ఆటోనగర్ వైపు దొరుకుతాయా? కట్టెలకు సరుగుడు సరిపోతుందా, మామిడి కలపాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, వానలు మొదలవకముందే పునాది వేయించాలి.