శిక్షణ తర్వాత ఉద్యోగం: లెక్క ఎలా కట్టాలి?

చంద్రగిరి సభ్యుడు:
గ్రామీణ యువతకు నైపుణ్య శిక్షణ ఇచ్చే దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలని అందులో లక్ష్యం పెట్టారు. ఆ శాతం చేరినంత మాత్రాన పని దొరికింది పథకం వల్లేనని చెప్పవచ్చునా? తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇటువంటి శిక్షణ తీసుకున్నవారు తమ అనుభవం రాయవలసిందిగా కోరుతున్నాను.

సత్యవేడు సభ్యురాలు:
నేను శిక్షణ ముగించుకొని శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో చేరాను. నా లైనులో పనిచేసినవారిలో చాలామంది ఏ శిక్షణా లేకుండా, ఇంటర్ పాసై, తెలిసినవారి మాట మీద వచ్చినవారే. నా ఉద్యోగం పథకం ఖాతాలో పడింది గానీ, శిక్షణ లేకున్నా నన్ను తీసుకొనేవారనే నా నమ్మకం.

పలమనేరు సభ్యుడు:
మా బ్యాచ్‌లో బెంగళూరు వెళ్లినవారు గది అద్దె, భోజనం పోను చేతిలో ఏమీ మిగలక కొన్ని నెలలకే తిరిగివచ్చారు. తొలి నెలల జీతం చీటీలు తీసుకొన్న శిక్షణ కేంద్రం ఆ తర్వాత ఎవరినీ పలకరించలేదు.

తిరుపతి సభ్యురాలు (అర్థశాస్త్ర అధ్యాపకురాలు):
సత్యవేడు సభ్యురాలు చెప్పినదే అసలు చిక్కు. పథకం లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే పోల్చడానికి మరొక బృందం ఉండాలి. పని పోయి ఆదాయం పడిపోయినప్పుడే చాలామంది శిక్షణకు వస్తారు కనుక, వారి పరిస్థితి ఎలాగూ కొంత మెరుగుపడుతుంది. ముందూ వెనుకా పోల్చి చూస్తే ఆ మెరుగుదల అంతా శిక్షణ ఘనతగా కనిపిస్తుంది. అమెరికాలో లాటరీ ద్వారా మనుషులను ఎంపిక చేసిన ఒక ఉపాధి కార్యక్రమం ఫలితాలను ఆర్థికవేత్త రాబర్ట్ లాలోండ్ 1986లో లాటరీ లేని పద్ధతుల అంచనాలతో పోల్చినప్పుడు, ఆ అంచనాలు చాలావరకు అసలు ఫలితానికి దూరంగా ఉన్నాయని తేలింది. సీట్లకు మించి దరఖాస్తులు వచ్చిన చోట, శ్రీవారి ఆర్జిత సేవలకు లక్కీడిప్ తీసినట్టు ఎంపిక చేసి, సీటు వచ్చినవారినీ రానివారినీ రెండేళ్ల తర్వాత కూడా అడిగితే నిజం తెలుస్తుంది. ఒకరికి దొరికిన ఉద్యోగం మరొకరికి దక్కవలసినదేమో కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో ఉద్యోగం వెతుక్కొనేవారికి ఇచ్చిన సాయంపై 2013లో వెలువడిన అధ్యయనంలో, సాయం పొందినవారి లాభంలో కొంత భాగం పొందనివారి నష్టంగానే తేలింది.

చిత్తూరు సభ్యుడు:
లాటరీలో మిగిలిపోయిన పేదవారికి తర్వాతి బ్యాచ్‌లో సీటు ఖాయం చేస్తేనే నేను దీనికి ఒప్పుకొంటాను. పైగా పీఎఫ్ ఖాతాలు మాత్రమే చూస్తే ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకొన్నవారు లెక్కకు రారు. వారపు లెక్కలో ఒక్క గంట పని చేసినవారిని కూడా ఉపాధి ఉన్నవారిగానే జాతీయ శ్రామికశక్తి సర్వే గణిస్తుంది కాబట్టి, ఎన్ని రోజులు పని దొరికింది, ఎంత కూలి చేతికి వచ్చిందీ ఇంటికి వెళ్లి అడగవలసిందే.

చంద్రగిరి సభ్యుడు:
అలాగైతే సీటు రానివారి దరఖాస్తులను కేంద్రాలు భద్రపరుస్తున్నాయా అన్నది ముందు తెలియాలి. ఈ ప్రశ్నతో సమాచార హక్కు దరఖాస్తు వేస్తున్నాను. ఇంకేమి అడగాలో సూచించండి.