ర్యాంపు మీద నుంచి ఇంజన్ స్టార్ట్ చేయకుండా కారు వెనక్కి వదలొచ్చా? వెనక సెన్సర్ ఉంది కదా!

పానగల్లు బాటసారి:
ఇంట్లో రోజూ నడుస్తున్న పంచాయితీ ఇది. మాది నల్గొండ. మా గల్లీలో ఇళ్లన్నీ రోడ్డు కంటే ఎత్తులో కట్టారు కాబట్టి ప్రతి గేటు ముందు సిమెంటు ర్యాంపు ఉంటుంది. కారు మూతి ఇంట్లోకి, వెనక భాగం గల్లీలోకి. పొద్దున మా మామయ్య కారు తీసేటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయడు. కీ తిప్పి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలేస్తాడు. బండి దానంతటదే గల్లీలోకి దిగుతుంది. అప్పుడు స్టార్ట్ చేసి వెళ్లిపోతాడు.

ఆయన చెప్పేది ఏమిటంటే, రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ మీద లేవగానే రివర్స్ లోడు వేయకూడదు. డీజిల్ కూడా మిగులుతుంది. పైగా వెనక సెన్సర్ ఉంది, ఏదైనా అడ్డొస్తే అదే కూస్తుంది. నాకేమో ఆ సెన్సర్ ఆయన దింపేటప్పుడు కూయగా విన్న గుర్తే లేదు. ఆ మాట అంటే "నువ్వు పుట్టకముందు నుంచి బండి నడుపుతున్నా" అంటాడు. ఇక అల్లుడు ఏం మాట్లాడతాడు? బండి 2021 మోడల్, డీజిల్, మాన్యువల్, కీ తిప్పే రకం. తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్ రోడ్డు:
న్యూట్రల్‌లో ఉంటే సెన్సర్ ఎట్లా కూస్తుంది అన్నా? రివర్స్ గేరు పడితేనే దానికి కరెంటు అందేది. మీ మామయ్య సెన్సర్ ఉందనుకుని సెన్సర్ లేని బండి నడుపుతున్నాడు.

మిర్యాల లారీ కాకా:
పెద్దాయన్ని అంత తేలిగ్గా తీసేయకండి తమ్మీ. ఈ సెన్సర్లు నిన్న మొన్న వచ్చినవి. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లకు తప్పనిసరి చేశారు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ గుర్తుచేసే బజర్, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్ అన్నీ అప్పుడే తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో లారీలను రెండు జానల సందులో పెట్టినవాళ్లం ఏ కూత విని పెట్టాం?

ఇంకో మాట. సెన్సర్‌కు ఇంజన్‌తో పని లేదు. కీ ఆన్ దగ్గర ఉండి, రివర్స్ గేరు పడి ఉంటే చాలు. క్లచ్ పూర్తిగా తొక్కి రివర్స్ గేరు వేసి ర్యాంపు మీద నుంచి వదలమను, ఇంజన్ ఆగి ఉన్నా సెన్సర్ కూస్తుంది. ఆయన పద్ధతిలో తప్పు న్యూట్రల్ ఒక్కటే.

ఇంజన్ ఆపి దించడంలో లాభం కూడా ఉంది. చప్పుడు ఉండదు. అద్దం దించితే వెనక సైకిల్ బెల్లు, పిల్లల మాట అన్నీ వినిపిస్తాయి. డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేశాక ఆ మాట ఎక్కడ వినపడుతుంది?

పాలమూరు మెకానిక్:
కాకా, సెన్సర్ గురించి మీరు చెప్పింది నిజమే. వైరింగ్ అట్లాగే ఉంటుంది. బయట బిగించే సెన్సర్లకు రివర్స్ లైటు వైరు నుంచే కరెంటు తీస్తాం. లైటు వెలగాలంటే ఇగ్నిషన్ ఆన్, గేరు రివర్స్, రెండూ కావాలి. ఇంజన్ అక్కర్లేదు. కానీ మీ సలహాను మాత్రం ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

కీకి నాలుగు మెట్లు ఉంటాయి. లాక్, ఏసీసీ, ఆన్, స్టార్ట్. లాక్‌లో కీ తీసేస్తే స్టీరింగ్ కొంచెం తిరిగి బిగుసుకుంటుంది. ఏసీసీలో పాటలు వస్తాయి, స్టీరింగ్ తిరుగుతుంది, కానీ రివర్స్ లైటు రాదు, సెన్సర్ రాదు. ఆన్‌లో మీటర్ మీద లైట్లన్నీ వెలుగుతాయి. డీజిల్ బండిలో స్ప్రింగులాంటి పసుపు రంగు గుర్తు ఒకటి వెలిగి ఆరుతుంది, అది ఆరాకే స్టార్ట్ చేయాలి. ర్యాంపు దిగేవాళ్లలో చాలామంది కీని ఏసీసీలో పెట్టి ఆన్ అనుకుంటారు. బండి కదులుతుంది, పాట వస్తుంది, ఇంకేం కావాలి అనుకుంటారు. మీటర్ మీద బ్యాటరీ, ఆయిల్ లైట్లు వెలగకపోతే అది ఆన్ కాదు.

అసలు సంగతి బ్రేకు. బ్రేక్ పెడల్ తేలిగ్గా దిగేది బూస్టర్ వల్ల. బూస్టర్ పనిచేసేది వ్యాక్యూమ్ మీద, అంటే గాలి లాగేసిన ఖాళీ మీద. పెట్రోలు బండికి అది ఇంజన్ గాలి పీల్చే పైపు నుంచి వస్తుంది, డీజిల్‌కు ఇంజన్ తిప్పే చిన్న పంపు నుంచి. ఇంజన్ ఆపాక ఒకటి రెండు తొక్కులకు సరిపడా మిగులుతుంది. రాత్రంతా నిలబడితే అదీ తగ్గిపోవచ్చు. ఇప్పుడు పొద్దున్నే నిద్ర మత్తులో ర్యాంపు మీద నుంచి వదిలారు, వెనక ఏదో కనబడింది, అలవాటు కొద్దీ మెత్తగా తొక్కారు. పెడల్ రాయిలా ఉంటుంది. ఇంకా గట్టిగా తొక్కితే బండి ఆగుతుంది, నిజమే. ఆ గట్టిగా తొక్కాలని తట్టే లోపు బండి గల్లీ మధ్యకు వస్తుంది. స్టీరింగ్ కూడా అంతే, ఇంజన్ లేకపోతే పవర్ సాయం ఉండదు. కదలని టైర్లను తిప్పాలంటే రెండు చేతులు చాలవు.

మిర్యాల లారీ కాకా:
పది అడుగుల ర్యాంపుకు బూస్టర్ కథ చెప్తున్నావు. హ్యాండ్ బ్రేక్ లేదా? దానికి ఇంజన్ అక్కర్లేదు, వ్యాక్యూమ్ అక్కర్లేదు. పెద్దాయన చెయ్యి దాని మీదే ఉంటుంది, నన్నడిగితే చెప్తా. మీరు చెప్పేది గుట్టల మీదికి పనికొస్తుంది. మన్యంకొండ, చెర్వుగట్టు ఘాట్ మీద ఇంజన్ ఆపి దిగే మహానుభావులు ఉన్నారు, వాళ్లకు చెప్పు.

సాగర్ రోడ్డు:
ఘాట్ మాట కాకానే తెచ్చాడు కాబట్టి అడుగుతున్నా. ఇంజన్ ఆపితే నిజంగా ఎంత మిగులుతుంది?

ఇప్పటి ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, బండే ఇంజన్‌ను తిప్పుతుంది కాబట్టి ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి కొంచెం తాగుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగితేనే మిగులు, పైగా బండి పట్టులో ఉంటుంది. కార్బురేటర్ కాలం లెక్కలు ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. ఇక ర్యాంపు మీద మిగిలే డీజిల్ అంటారా, చెంచా కూడా కాదు. ఆ లెక్క చెప్పి మామయ్యను ఒప్పించడం కష్టం, అదీ నిజమే.

దేవరకొండ టీచరమ్మ:
అందరూ మామయ్య చుట్టూ తిరుగుతున్నారు. నాకు "సెన్సర్ ఉంటే చాలదు, దిగి చూడాలి" అనే మాట మీద చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇక్కడ ఎవరో ఒకరు ఆ మాట అనబోతున్నారని తెలుసు.

కాకా, మీ లారీకి క్లీనర్ ఉంటాడు. వెనక నిలబడి "రానీ... రానీ... ఆప్" అంటాడు. నాకెవరున్నారు? బడి ముందు కారు తీయాలంటే రోజూ పిల్లల గుంపు. దిగి చూసి, మళ్లీ ఎక్కి, బెల్టు పెట్టుకుని, కీ తిప్పేసరికి వెనక ఉన్న పిల్లలు మారిపోతారు. దిగి చూసిన ఆ చూపు అప్పటికే పాతబడిపోతుంది. ఆ సమయంలో నాకు ఉపయోగపడేది సెన్సరే. అది లేకుండా నడిపిన రోజులు గొప్పవని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది.

అసలు లోపం నేర్పడంలో ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో డ్రైవింగ్ టెస్టు అంటే ఇరుకైన చోటులోకి కుడికో ఎడమకో రివర్స్‌లో అదుపుగా తీసుకెళ్లడం కూడా ఒకటి అని ఉంది. డ్రైవింగ్ స్కూలు వాళ్లు దానికోసం "ఫలానా కడ్డీ కనబడగానే స్టీరింగ్ ఒక రౌండు తిప్పు" అని బట్టీ పట్టిస్తారు. ఆ కడ్డీ మన గల్లీలో ఉండదు కదా. అద్దాలు ఎట్లా చూడాలో ఎవరూ చెప్పరు.

పాలమూరు మెకానిక్:
మేడం, మీ మాట కాదనను. బడి ముందు సెన్సర్ ఉండాల్సిందే. అయితే అది ఏం చూడదో తెలిసి వాడాలి.

అది చూసేది కాదు, వినేది. 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శబ్దం వదులుతుంది, మన చెవికి అందదు. తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. మీటరున్నర దూరంలో గోడ ఉంటే సెకనులో వందో వంతు లోపే ప్రతిధ్వని వస్తుంది. అంత దూరం నుంచే "టిక్... టిక్" మొదలై, దాదాపు 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి ఆగకుండా మోగుతుంది. గోడ, పక్క కారు డోరు లాంటి నిలువు గట్టి వస్తువులను బాగా పట్టుకుంటుంది. సన్నటి ఇనుప కడ్డీ, తీగల కంచె, బంపర్ కంటే కిందికున్న రాయి, మోరీ అంచు, వీటిని వదిలేయొచ్చు. గోనె సంచి, దుప్పటి లాంటివి శబ్దాన్ని పీల్చేస్తాయి. బంపర్‌కు మరీ దగ్గరగా కూర్చున్న చిన్న పిల్లవాడు దాని లెక్కలోకి రాకపోవచ్చు. గుంట అయితే అసలు తెలియదు, అక్కడ తగిలేది ఏమీ లేదు కదా. మూత లేని మోరీలో వెనక చక్రం దిగిన కార్లు మా షెడ్డుకు వచ్చాయి, సెన్సర్ ఏమీ అనలేదని ఓనర్లు మామీద కోపం.

మన దగ్గర ఇంకో గొడవ దమ్ము సీజన్. పొలం దమ్ము చేసే ఇనుప చక్రాల (కేజీవీల్స్) ట్రాక్టర్లు రోడ్డు మీద వేసిన బురద బంపర్ మీద ఎండిపోతుంది. సెన్సర్ కన్ను మీద బురద ఉంటే అయితే ఊరికే మోగుతుంది, లేదంటే మూగబోతుంది. కారు కడిగేటప్పుడు ఆ గుండ్రటి బిళ్లలను వేలితో ఒకసారి తుడవండి, ప్రెషర్ గన్ మాత్రం దగ్గర పెట్టి కొట్టొద్దు. బస్టాండు దగ్గర పెద్ద బండి ఎయిర్ బ్రేకు "ఛుస్" అన్నప్పుడు కూడా ఉత్తినే మోగొచ్చు, ఆ చప్పుడులోనూ ఇదే రకం శబ్దం ఉంటుంది.

వెనక స్టీలు గార్డు బిగించుకున్నవాళ్ల సంగతి వేరు. సెన్సర్‌కు ఎదురుగా గార్డు వస్తుంది, అది ఆగకుండా మోగుతుంది, చిరాకేసి వైరు పీకించుకుంటారు. గార్డు బాగుంది, సెన్సర్ చెడిపోయింది అంటారు.

పానగల్లు బాటసారి:
కాకా చెప్పినట్టు చేసి చూశాను. బండి కదిలించలేదు, హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచా. కీ ఆన్, ఇంజన్ లేదు, క్లచ్ తొక్కి రివర్స్ గేరు. సెన్సర్ వెంటనే మోగింది, అదీ ఆగకుండా! వెనక ఏమీ లేదు, ఖాళీ గల్లీ. ఇదేంటి?

పాలమూరు మెకానిక్:
ర్యాంపు మీద వెనక భాగం కిందికి వాలి ఉంటుంది తమ్మీ. సెన్సర్ మూతి రోడ్డు వైపు చూస్తుంది. దానికి రోడ్డే గోడలా కనబడుతుంది. చక్రాలు సమంగా నేల మీదికి వచ్చాక మామూలు అవుతుంది. బయట బిగించే సెన్సర్లకు కూడా ఇందుకే నేల నుంచి 50, 60 సెంటీమీటర్ల ఎత్తు చూసుకుంటాం, బిళ్ల మీద పైకి బాణం గుర్తు ఉంటే తలకిందులు కాకుండా పెడతాం.

అంటే మీ ఇంటి ర్యాంపు మీద సెన్సర్ రెండు రకాలా పనికిరాదు. న్యూట్రల్‌లో మూగది, రివర్స్‌లో అబద్ధం చెప్తుంది. అది మోగుతూనే ఉంటే మనిషి వినడం మానేస్తాడు, అప్పుడు నిజంగా ఏదన్నా అడ్డొచ్చినా తేడా తెలియదు.

జడ్చర్ల జంక్షన్:
మధ్యలో వచ్చినందుకు సారీ. పుష్ బటన్ బండ్లలో ఇది ఎట్లా? నాకు బటన్ నొక్కితే ఒక్కోసారి పాటలు మాత్రమే వస్తాయి.

పాలమూరు మెకానిక్:
క్లచ్ గానీ బ్రేక్ గానీ తొక్కకుండా ఒకసారి నొక్కితే ఏసీసీ, రెండోసారి నొక్కితే ఆన్. మాన్యువల్‌లో క్లచ్, ఆటోమేటిక్‌లో బ్రేక్ తొక్కి నొక్కితే స్టార్ట్. కొన్ని బండ్లకు క్లచ్‌తో పాటు బ్రేక్ కూడా కావాలి. ఆన్‌లో పెట్టి మర్చిపోతే మాత్రం తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

దేవరకొండ టీచరమ్మ:
బాటసారి గారూ, మీ మామయ్య గారి మొదటి పాయింటుకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. చల్లటి ఇంజన్‌తో రివర్స్ వేయకూడదన్నది నిజమా?

పాలమూరు మెకానిక్:
అందులో కొంత న్యాయం ఉంది. స్టార్ట్ అవగానే ఆయిల్ పైదాకా ఎక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకని స్టార్ట్ చేసి, బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకునే లోపు అది అయిపోతుంది. ఆ తర్వాత క్లచ్ మీద మెల్లగా దించడం ఇంజన్‌కు లోడే కాదు, కిందికే దిగుతున్నారు కదా. నిమిషాల తరబడి నిలబెట్టి రేజ్ చేయడమే దండగ.

మిర్యాల లారీ కాకా:
సరే, బూస్టర్ దగ్గర ఒప్పుకుంటున్నా. రాత్రి నిలబెట్టిన బండికి పొద్దున పెడల్ గట్టిగా ఉంటుంది, అది మాకూ తెలిసిందే, లారీకైతే బ్రేకుల్లో గాలి నిండేదాకా బండి కదిలించం. స్టార్ట్ చేసే దించమనండి పెద్దాయన్ని. కానీ చెవి సంగతి మాత్రం వదలను. అద్దాలు దించి, ఏసీ ఫ్యాన్, పాటలు ఆపి, వెనక చక్రాలు గేటు గీత దాటే దగ్గర ఒక్క క్షణం ఆగి హారన్ కొట్టి దించమను. మా మిల్లు గేటు దగ్గర ఇప్పటికీ అంతే.

పాలమూరు మెకానిక్:
దీనికి నేనూ ఓకే కాకా. బాటసారి తమ్మీ, ర్యాంపు దిగి సమంగా నిలబడ్డాక ఒకసారి రివర్స్ గేరు వేసి చూడు. చాలా బండ్లలో గేరు పడగానే సెన్సర్లు బాగున్నాయని ఒక చిన్న కూత వస్తుంది. అది రాకపోయినా, వెనక ఖాళీగా ఉండి కూడా మోగుతూనే ఉన్నా మొదట వెనక బంపర్ తుడిచి చూడు, ఆ తర్వాతే షెడ్డుకు తీసుకురా.