అప్‌డేట్: ఫ్రెంచ్ వదల్లేదు

కడపలో డిగ్రీ చదువుతూ సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నా, చదివితే అర్థమవుతోంది గానీ వింటే ఒక్క ముక్క ఎక్కట్లేదు, సంస్కృతానికి మారిపోనా అని అడిగాను కదా. మారలేదు. ఇక్కడ ఒక అన్న చెప్పినట్టు ఆర్‌ఎఫ్‌ఐ రేడియో వాళ్ల తేలిక ఫ్రెంచ్ వార్తలు, టెక్స్ట్ ఎదురుగా పెట్టుకుని వింటున్నా. చిక్కెక్కడో అప్పుడు తెలిసింది: 'లే' (les) పక్కన 'అమీ' (amis, అంటే స్నేహితులు) వస్తే, 'లే' చివర విడిగా పలకని ఎస్ 'జ'లా బయటికొచ్చి 'లెజామీ' అని ఒకే మాటలా వినిపిస్తుంది, అచ్చం మన సంధిలాగే.

ఇప్పుడు డెల్ఫ్ ఎ1 (ఫ్రెంచ్ ఎంత వచ్చో చూసే పరీక్షలో తొలి స్థాయి) రాద్దామనుకుంటున్నా. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాస్, కానీ దేంట్లోనూ 5కు తగ్గకూడదు, కాబట్టి వినడం వదిలేస్తే కుదరదు. మాట్లాడడానికే తోడు లేరు. కడప, ప్రొద్దుటూరు వైపు ఎవరైనా నేర్చుకుంటుంటే చెప్పండి, ఆదివారాలు కలుద్దాం.