అప్‌డేట్: నాన్న మెడకు స్కాన్ తీయించాం

తమ్ముడి సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుని కాలువ గట్టున పడిపోయిన నాన్నకు మెడ స్కాన్ అవసరమా అని అడిగాను కదా. "కొబ్బరి చెట్లెక్కిన మెడ, దీనికేం కాదు" అని ఆయన వాదన. అమలాపురంలో డాక్టరు గారు ముందు వయసు అడిగారు. 68. మెడకు దెబ్బ తగిలితే ఎవరికి స్కాన్ కావాలో తేల్చడానికి డాక్టర్లు వాడే కెనడియన్ సీ-స్పైన్ నియమం ప్రకారం 65 నిండితే తీయవలసిందేనట. ఎక్స్‌రేలో కొన్ని పగుళ్లు తప్పిపోతాయని సీటీ స్కాన్ రాశారు. అంతవరకు మెడకు పట్టీ. నాన్న దాన్ని కండువాతో కప్పుకున్నారు, ఎవరైనా చూస్తారని! స్కాన్‌లో పగులు లేదు.

నాన్నతో పాటు పడిన తమ్ముడికి 26. మెడ వెనక నడిమధ్య ఎముక మీద నొక్కి చూశారు, చేతుల్లో తిమ్మిరి ఉందా అని అడిగారు, తల రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పించారు. తిప్పగలిగాడు. స్కాన్ అక్కరలేదని పంపేశారు.