గురి చూడడం, గురి కుదరడం: రెండూ ఒకటేనా?

ప్రశ్న (అనంతపురం): ఒక రిటైర్డ్ పోలీసు అధికారి ఇంగ్లిష్‌లో రాసుకున్న జ్ఞాపకాలను తెలుగు చేస్తున్నాను సార్. త్రీ నాట్ త్రీ రైఫిల్ సైట్లు (గురి చూసే భాగాలు), జీరోయింగ్ (గుండు గురిపెట్టిన చోటే పడేలా సైట్లను సవరించడం) అన్న మాటల దగ్గర ఆగిపోయాను. ‘దృష్టి సూచిక’, ‘శూన్యీకరణ’ అని రాయొచ్చా?

జవాబు (కడప): వద్దమ్మా. ‘శూన్యీకరణ’ అని చదివితే రైఫిల్ పట్టినవాడికి కూడా అర్థం కాదు. మనకు ‘గురి’ ఉంది. కొట్టాల్సిన గుర్తూ గురే, కొట్టే నేర్పూ గురే. ‘ఆ డాక్టరంటే మా అమ్మకు గురి’ అన్నప్పుడు నమ్మకమూ గురే.

ముందు ఆ రైఫిల్ సంగతి చూడు. త్రీ నాట్ త్రీ అంటే లీ ఎన్‌ఫీల్డ్. మన దేశంలో ఇషాపూర్‌లో కూడా తయారైంది. పాత మోడల్లో గొట్టం కొసన రెండు రెక్కల మధ్య సన్నటి మొన నిలబడి ఉంటుంది. వెనక గొట్టం మీదే పడుకున్నట్టు ఒక పట్టీ, దాని చివర చిన్న గాడి. పట్టీ మీద 200 నుంచి 2000 గజాల దాకా అంకెలుంటాయి. పట్టీ మీద జరిగే బిళ్లను పెద్ద అంకె మీదికి జరిపితే గాడి పైకి లేస్తుంది. అప్పుడు గాడిలో మొన కనబడాలంటే తుపాకి మూతి ఎత్తక తప్పదు, గుండు దూరం పోతుంది. మొనకూ గాడికీ మధ్య ఉండేది దాదాపు మూరెడు. అందుకే మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు వాలినా 100 గజాల దగ్గర గుండు జానెడు పక్కన పడుతుంది.

ఇక కన్ను. గాడి, మొన, గుర్తు మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. ఎన్‌సీసీలో మాకు నేర్పింది మొననే చూడమని. గుర్తు కాస్త మసకబారినా పర్వాలేదు. ద్రోణుడి పరీక్షలో అర్జునుడికి పిట్ట తల తప్ప ఏదీ కనబడలేదు కదా, రైఫిల్ పట్టినవాడు చేయాల్సింది దానికి తిరగబడ్డ పని. కానీ ‘గురి చూడు’ అన్న మాట విని కొత్త కుర్రాళ్లు గుర్తు వైపే కళ్లార్పకుండా చూస్తారు. నన్నడిగితే అక్కడ ‘గురి పెట్టు’ అనడమే మేలు.

జీరోయింగ్‌కు మాత్రం ‘గురి కుదర్చడం’ కన్నా మంచి మాట నాకు తోచడం లేదు. తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడి, అవి గుర్తుకు ఎడమగా ఉన్నాయనుకో. చెయ్యి బాగానే ఉంది, సైటే సరిగా లేదు. అప్పుడు మొనను ఎడమకే జరపాలి. కిందికి పడుతుంటే పొట్టి మొన వేయాలి. వెనక గాడి లెక్క వేరు. గుండు ఎటు పోవాలో దాన్ని అటే జరపాలి. ఇలా సవరించి, మళ్లీ కాల్చి చూసి, గుండు చెప్పినచోట పడితే గురి కుదిరినట్టు. మనిషి మీద గురి కుదిరేదీ ఇలా చూడగా చూడగానే కదా!

కర్నూలు నుంచి: అన్నా, మా వైపు ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్లు ముందుదాన్ని మక్కీ అంటారు. అది రాయొచ్చా?

జవాబు: తప్పకుండా తమ్ముడూ. మక్ఖీ అంటే ఈగ, గొట్టం కొసన వాలినట్టు ఉంటుందని. సైటును దీద్‌బాన్ అని కూడా అంటారు, చూస్తూ కాపలా కాసేవాడు అని. రెండూ చక్కటి మాటలు. అనువాదం చేస్తున్న అనంతపురం అమ్మా, నువ్వు కథనంలో మొన, గాడి అని రాసి, మాటల్లో మాత్రం మనుషులు పలికేదే ఉంచు. పాత హెడ్ కానిస్టేబుల్ ‘అగ్రదృష్టి సూచికను వామ దిశగా జరుపుము’ అనడు. ‘ఎడమకు పోతాంది, మక్కీని ఎడమకే కొట్టు’ అంటాడు.