డాక్సీసైక్లిన్ మైక్రోస్ఫియర్లలో మందు నిలవడం లేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న (ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు)

నమస్కారం. చిగుళ్ల వ్యాధిలో పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడే సందులో ఉంచితే, రెండు వారాల పాటు కొద్దికొద్దిగా మందును విడుదల చేసే మైక్రోస్ఫియర్లను (అతి చిన్న పాలిమర్ గోళాలను) ప్రాజెక్టు కోసం తయారు చేస్తున్నాను. మందు డాక్సీసైక్లిన్ హైక్లేట్ అనే యాంటీబయాటిక్, పాలిమర్ 50:50 పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల భాగాలు సమానంగా ఉండి, శరీరంలో మెల్లగా కరిగిపోయేది). 50 మి.గ్రా. మందును 1 మి.లీ. నీటిలో కరిగించి, 500 మి.గ్రా. పాలిమర్ కరిగిన 5 మి.లీ. డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో ప్రోబ్ సోనికేటర్‌తో (ధ్వని తరంగాలతో కలిపే పరికరంతో) కలిపి, ఆ ఎమల్షన్‌ను (ఒకదానిలో ఒకటి కరగని ద్రవాల బొట్ల మిశ్రమాన్ని) 1 శాతం పాలీవినైల్ ఆల్కహాల్ ఉన్న 200 మి.లీ. నీటిలో పోసి, నాలుగు గంటలు స్టిరర్ మీద ఉంచుతున్నాను. మైక్రోస్కోపు కింద గోళాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. అయితే వేసిన మందులో 18 శాతం మాత్రమే లోపల నిలుస్తోంది. నిలిచిన దానిలోనూ సగానికి పైగా మొదటి రోజే బయటికి వచ్చేస్తోంది. మూడు బ్యాచ్‌లలోనూ ఇదే తీరు. పాలిమర్ ఖరీదైనది కనుక గుడ్డిగా మరో బ్యాచ్ వేయడానికి మనసు ఒప్పడం లేదు. ముందుగా ఏది మార్చాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఫార్మాస్యూటిక్స్ అధ్యాపకుడు, విశాఖపట్నం)

అమ్మా, మీరు చెప్పినవి రెండు సమస్యలు కావు, ఒకటే. డాక్సీసైక్లిన్ హైక్లేట్ నీటిలో బాగా కరుగుతుంది. దాని చుట్టూ ఉన్న పాలిమర్ గట్టిపడేలోపే అది బయటి నీటిలోకి, అంటే మీరు ఎమల్షన్ పోసిన 200 మి.లీ. నీటిలోకి, జారిపోతోంది. జారిపోతూ అది చేసుకున్న దారులే ఆ తర్వాత సూక్ష్మ రంధ్రాలుగా మిగిలి, మొదటి రోజు విడుదలకు కారణమవుతాయి. అందువల్ల కొత్త బ్యాచ్ వేయడానికి ముందు పాత పద్ధతిలోనే చిన్న బ్యాచ్ ఒకటి చేసి, బయటి నీటిలోనూ, కడిగిన ప్రతి నీటిలోనూ మందు ఎంత ఉందో కొలవండి. వేసిన మందు మొత్తానికీ లెక్క తేలినప్పుడే ఏ దశలో పోతోందో తెలుస్తుంది.

ఇక మీ కొలతలలో నాకు కనబడిన ముఖ్యమైన లోపం బయటి నీటి పరిమాణం. మీ 5 మి.లీ. డైక్లోరోమీథేన్ బరువు సుమారు 6.6 గ్రాములు. 100 మి.లీ. నీటిలో ఆ ద్రావణి కరిగేది 1.3 నుంచి 2 గ్రాముల వరకే కనుక, 200 మి.లీ. నీరు అందులో కొంత భాగాన్ని మాత్రమే తీసుకోగలదు. మిగిలినది ఆవిరయ్యేదాకా గోళాలు మెత్తగానే ఉంటాయి, ఆ సమయమంతా మందు కారుతూనే ఉంటుంది. నీటిని 500 మి.లీ. చేయండి, పాలిమర్ ద్రావణాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచండి. అప్పుడు ద్రావణి 2.5 మి.లీ.కు తగ్గుతుంది, పాలిమర్ చిక్కబడి త్వరగా గట్టిపడుతుంది. ద్రావణి సగమైనప్పుడు లోపలి నీటిని కూడా సగం చేయాలి, లేకపోతే మొదటి ఎమల్షన్ నిలవదు. బయటి నీటిలో సోడియం క్లోరైడ్ కలపడం కూడా అవసరం. లోపలి బొట్టులో మందు గాఢత ఎక్కువగా ఉన్నందున ఆస్మాటిక్ పీడనం వల్ల బయటి నీరు లోపలికి చొరబడి గోళాన్ని ఉబ్బించి చిల్లులు పెడుతుంది. ఉప్పు ఆ తేడాను తగ్గిస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

1989లో అమెరికాలో అనుమతి పొందిన ల్యూప్రొలైడ్ (ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మందు) నెలవారీ మైక్రోస్ఫియర్ ఇంజెక్షన్ రూపకర్తలు కూడా ఇదే చిక్కును ఎదుర్కొన్నారు. వారు లోపలి నీటిలో జెలటిన్ కలిపి దానిని చిక్కగా చేయడం ద్వారా మందు బయటికి కదలకుండా అడ్డుకున్నారు.

సమాధానం (ఫార్ములేషన్ పరిశోధకుడు, హైదరాబాద్)

మాస్టారు చెప్పిన లెక్క సరైనది. దానికి విడుదల పరీక్ష గురించి ఒక హెచ్చరిక చేర్చాలి, ఎందుకంటే దీనిని చాలామంది పట్టించుకోరు. డాక్సీసైక్లిన్ నీటిలో, 37 డిగ్రీల వద్ద రోజుల తరబడి ఉంటే చెడిపోతుంది, వెలుతురు దానిని మరింత త్వరగా పాడుచేస్తుంది. మీరు రెండు వారాల పాటు అదే బఫర్‌ను (ఆమ్లత్వం మారకుండా ఉంచే ద్రావణాన్ని) ఉంచి, కొద్దికొద్దిగా తీసి యూవీలో (అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరంలో) చదివితే, విడుదలైన మందులో కొంత పాడై లెక్కలో పోతుంది, లేదా పాడైన పదార్థమే మందుగా లెక్కకు వస్తుంది. బఫర్‌ను ప్రతిసారీ పూర్తిగా మార్చండి, గొట్టాలకు రేకు చుట్టండి, పరిమాణాన్ని హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతితో) తేల్చండి.

గోళాల లోపలి ఆమ్లత్వం మరో విషయం. పాలిమర్ ఎస్టర్ బంధాలు నీటితో తెగి లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా మారతాయి. అవి బయటికి పోలేక పెద్ద గోళాల మధ్యలో పేరుకుని, అక్కడి విచ్ఛిన్నతను ఇంకా వేగిరపరుస్తాయి. దీనికి విరుగుడుగా మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలపమని కొందరు చెబుతారు. ఆ సలహా మీ మందుకు వర్తించదు. మీ డాక్సీసైక్లిన్ చెందిన టెట్రాసైక్లిన్ జాతి మందులు మెగ్నీషియంతో కలిసి సంక్లిష్టాలు ఏర్పరుస్తాయి కనుక మీరు విడుదలను కొలవడమే కష్టమవుతుంది.

ఆరబెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. ఈ పాలిమర్ గాజు స్థితి నుంచి మెత్తబడే ఉష్ణోగ్రత పొడిగా ఉన్నప్పుడు సుమారు 40 నుంచి 50 డిగ్రీలు. తడి తగిలితే ఇంకా పడిపోతుంది. మన వేసవిలో ఓవెన్ అవసరం లేకుండానే గోళాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. లయోఫిలైజర్‌లో (గడ్డకట్టించి శూన్యంలో తడిని తీసే పరికరంలో) ఆరబెట్టి, గాలి చొరబడని సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి. మిగిలిన డైక్లోరోమీథేన్‌కు ఐసీహెచ్ (మందుల ప్రమాణాలను కుదిర్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు పెట్టిన పరిమితి 600 పీపీఎం (పది లక్షల భాగాలలో 600).

మీ లక్ష్యం అసాధ్యం కాదని కూడా చెప్పాలి. ఇదే సందులో ఉంచే 1 మి.గ్రా. మినోసైక్లిన్ (ఇదీ టెట్రాసైక్లిన్ జాతి మందే) మైక్రోస్ఫియర్లకు అమెరికాలో 2001లోనే అనుమతి వచ్చింది.

విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. సగం పరిమాణంలో పాత పద్ధతి బ్యాచ్ చేసి లెక్క వేశాను. వేసిన 25 మి.గ్రా.లో బయటి నీటిలోనే 17 మి.గ్రా. దొరికింది, కడిగిన నీటిలో మూడోసారి కూడా మందు కనిపించింది, అంటే ఉపరితలం నుంచి అది ఇంకా కారుతోంది. యూవీ చదివిన పాత ఫలితాలను పక్కన పెట్టాను. సోమవారం మొదటి మార్పుగా బయటి నీటిని మాత్రమే పెంచి, మిగిలినవన్నీ యథాతథంగా ఉంచి చేస్తాను.