ప్యాలెట్ రిపేర్ లైన్‌కి మైక్రాన్ సెన్సర్ అవసరమా? (చర్చ)

రంపప్పొట్టు (డ్యూయిస్‌బర్గ్, జర్మనీ):
అందరికీ నమస్కారం. మాది యూరో ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క చట్రాలు) రిపేర్ చేసే డిపో. క్లాంప్ ప్యాలెట్‌ని పైనుంచి నొక్కి పట్టుకుంటుంది, బ్యాండ్‌సా (పట్టీ రంపం) హెడ్ విరిగిన పలక కింద మేకులు కోస్తుంది, పుషర్ కొత్త పలకని తోస్తుంది. మూడూ హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) సిలిండర్లే. సా హెడ్‌కీ పుషర్‌కీ ఎక్కడున్నాయో చెప్పడానికి ఇప్పుడున్నవి లీనియర్ పొటెన్షియోమీటర్లు (ట్రాక్ మీద రాసుకుంటూ జరిగే సెన్సర్లు). లోపలికి పొట్టు చేరి, వైబ్రేషన్‌కి ట్రాక్ అరిగి, రీడింగ్ ఎగిరెగిరి పడుతోంది. వాటి బదులు మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లెక్కలో కొలిచే మాగ్నెటోస్ట్రిక్టివ్ సెన్సర్లు పెట్టమని కొటేషన్ వచ్చింది. రేటు చూసి మా ఫోర్‌మన్ నవ్వాడు. "మనం బాగుచేసేది చెక్క, చేతి గడియారం కాదు. రెండు ప్రాక్సిమిటీ స్విచ్‌లు (దగ్గరికి రాగానే ఆన్ అయ్యేవి) పెట్టు, చాలు" అంటాడు. మీరేమంటారు?

గడ్డపార రాజు (పాశమైలారం):
మీ ఫోర్‌మన్‌కి నా ఓటు. చెక్క తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఎండకి వంగుతుంది. ఒక ప్యాలెట్‌కీ ఇంకోదానికీ రెండు మూడు మి.మీ. తేడా మామూలే. అలాంటి సరుకు మీద మైక్రాన్ల లెక్కేంటి బాసూ? మా షెడ్‌లో గడ్డపార, నెయిల్ గన్, ఇద్దరు మనుషులు. అంతే. బ్యాండ్‌సా అయినా సరే, బ్లేడ్ సన్నగా ఉండి వంగుతుంది కాబట్టి సందు అదే వెతుక్కుంటుంది.

ఒహాయో బావ:
రాజు గారూ, సందు వెతుక్కునేది ఒక్క బ్లేడే కాదు. మనిషి నిలబడి తోసే మెషిన్‌లో చేతికి బిగువు తెలుస్తుంది. బ్లేడ్ చెక్కలోకి దిగితే ప్యాలెట్‌ని కాస్త ఎత్తుతాడు, కాస్త తిప్పుతాడు. ఆటోమేటిక్ లైన్‌లో ఆ చెయ్యి లేదు.

యూరో ప్యాలెట్ ఎత్తు 144 మి.మీ. కింద పలక 22, దిమ్మ 78, దాని మీద అడ్డపలక 22, పై పలక 22. పై పలక తీయాలంటే బ్లేడ్ కింద నుంచి 122 దగ్గర వెళ్లాలి. రెండు మి.మీ. పైకో కిందికో జరిగిందంటే కోసేది మేకుల్ని మాత్రమే కాదు, పొడుగునా చెక్కని కూడా. బ్లేడ్ వేడెక్కుతుంది, పళ్లు పోతాయి, బాగున్న అడ్డపలక కూడా పాడవుతుంది. కాబట్టి కావలసిన కచ్చితత్వం మిల్లీమీటరే, మైక్రాన్ కాదని నేనూ ఒప్పుకుంటా. అయితే ఆ మిల్లీమీటర్ రాత్రి షిఫ్ట్‌లోనూ, ఆర్నెల్ల తర్వాత కూడా మారకూడదు. పొటెన్షియోమీటర్‌తో చిక్కు అక్కడే.

రంపప్పొట్టు:
బావ గారూ, ఈ కొత్త సెన్సర్ అరగదని ఎలా అంటున్నారు?

ఒహాయో బావ:
లోపల ఒక తీగ ఉంటుంది. దాన్ని వేవ్‌గైడ్ అంటారు. దాంట్లోకి చిన్న కరెంట్ పల్స్ పంపుతారు. సిలిండర్‌తో పాటు కదిలే మాగ్నెట్ ఎక్కడుందో అక్కడ తీగలో మెలిక లాంటి అల పుట్టి, సెకనుకి సుమారు 2,800 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. వచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్క. మాగ్నెట్ తీగని తాకదు, కాబట్టి రాపిడి లేదు.

ఇంకోటి. కరెంట్ పోయి వచ్చినా ఎక్కడుందో వెంటనే చెబుతుంది. మామూలు ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ (ఎంత కదిలిందో మాత్రమే లెక్కపెట్టే సెన్సర్) అయితే హోమింగ్ చేయాలి, అంటే మొదటి చోటికి వెళ్లి మళ్లీ సున్నా పట్టుకోవాలి. బ్లేడ్ ప్యాలెట్ మధ్యలో ఉండగా హోమింగ్ అంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

గాజువాక పీఎల్‌సీ:
సెన్సర్ గొప్పదే. కానీ కొటేషన్‌లో మిగతా సంగతి కూడా చూడండి. స్ట్రోక్ (సిలిండర్ కదిలే దూరం) 1,500 మి.మీ. అనుకుందాం. అవుట్‌పుట్ 4-20 మిల్లీఆంప్స్ కరెంట్‌గా తీసుకుని పాత 12 బిట్ అనలాగ్ కార్డ్‌కి (సిగ్నల్‌ని 4,096 మెట్లుగా చదివేది) ఇస్తే ఒక్కో మెట్టు దాదాపు 0.37 మి.మీ. బ్రోషర్‌లోని మైక్రాన్లు కార్డ్ దగ్గరే ఆగిపోతాయి. మీ పనికి 0.37 చాలు, మరి మైక్రాన్లకి డబ్బు కట్టడం ఎందుకు? తక్కువ రిజల్యూషన్ మోడల్ అడగండి.

దానికంటే ముఖ్యం వాల్వ్. ఆన్-ఆఫ్ సాలినాయిడ్ వాల్వ్ అయితే, ఆగమని ప్రోగ్రామ్ చెప్పాక కూడా సిలిండర్ కొంత జరుగుతుంది. నూనె చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఇంకోలా. సెన్సర్ ఆ తప్పుని చక్కగా కొలిచి చూపిస్తుంది, సరిచేయదు. ప్రొపోర్షనల్ వాల్వ్ (నూనెని కొద్దికొద్దిగా తగ్గించగలిగేది) ఉందా మీకు?

రంపప్పొట్టు:
సా హెడ్‌కి ఉంది, పుషర్‌కి లేదు. పుషర్ సంగతి చెప్పాలంటే, పై పలకల్లో 145 మి.మీ. వెడల్పువి మూడు, 100వి రెండు. ఒక్కోటి ఒక్కో చోట ఆగాలి. ఇవి కాక 1200×1000 సైజువి కూడా వస్తాయి. స్విచ్‌లు పెడితే సైజు మారినప్పుడల్లా స్పానర్ పట్టుకుని జరపాలి. ఈపాల్ (యూరో ప్యాలెట్ల సంఘం) లైసెన్స్ కింద చేసే రిపేర్ కాబట్టి తనిఖీ కూడా ఉంటుంది, పలకల మధ్య సందులు అడ్డదిడ్డంగా వదలలేం.

గడ్డపార రాజు:
ఒకే సైజు అయితే స్విచ్‌లే అని మళ్లీ చెబుతున్నా, మీకు రెండు సైజులు కాబట్టి వదిలేస్తున్నా. కానీ అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. సెన్సర్‌కి తెలిసేది సిలిండర్ ఎక్కడుందో. చెక్క ఎక్కడుందో దానికేం తెలుసు? బెడ్ మీద విరిగిన ముక్క ఒకటి ప్యాలెట్ కింద ఇరుక్కుందంటే మీ 122 లెక్క మొత్తం పోయినట్టే.

గాజువాక పీఎల్‌సీ:
ఇది సరైన ప్రశ్న. అందుకే మొదటి సెన్సర్ సా హెడ్‌కి కాదు, క్లాంప్‌కి పెట్టమంటాను. ప్రెషర్ స్విచ్ ఆన్ అయి, క్లాంప్ ప్యాలెట్‌ని నొక్కి ఆగిన క్షణంలో పొజిషన్ చదవండి. 144కి దగ్గరగా ఉంటే కోయండి. 150 వచ్చిందంటే కింద ముక్కైనా ఉండాలి, పలకైనా వంగి ఉండాలి. లైన్ ఆపకుండా దాన్ని పక్కకి పంపండి. కొద్దిపాటి తేడా అయితే కోత ఎత్తుని దాన్ని బట్టి సరిచేయొచ్చు. సిలిండర్‌ని కొలిచే సెన్సర్‌తో చెక్కనే కొలవడం అన్నమాట.

పైకి తేలిన మేకులు నొక్కే ప్రెస్ ఏదైనా ఉంటే దానికి మాత్రం పొజిషన్ సెన్సర్ దండగ. అక్కడ ప్రెషర్ చూసుకుంటే చాలు.

మెయింటెనెన్స్ మావయ్య (శ్రీసిటీ):
లెక్కలన్నీ బాగున్నాయి గానీ, కోసిన మేకు ముక్కలు ఎక్కడికి పోతాయి? నేరుగా మాగ్నెట్‌కి అంటుకుంటాయి! బయట బిగించే మోడల్ అయితే ఇనప రజను పేరుకుని రీడింగ్ కదులుతుంది. సిలిండర్ లోపల పెట్టే మోడల్‌కి ఆ బాధ లేదు, కానీ రాడ్‌కి పొడుగునా రంధ్రం వేయాలి, అంటే దాదాపు కొత్త సిలిండరే. ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడవనే రేటింగ్) అని చూసి మురిసిపోకండి, అది సెన్సర్ బాడీకి. నేను చూసినంతలో ముందు పోయేది కేబుల్, ఆ తర్వాత కనెక్టర్.

రంపప్పొట్టు:
మావయ్య గారూ, క్లాంప్ సిలిండర్ బ్లేడ్‌కి దూరంగా, పైన ఉంటుంది. అక్కడ బయట మోడల్ నడుస్తుందనుకుంటున్నా. సా హెడ్‌కి లోపల మోడల్‌తో కొత్త సిలిండర్ రేటు అడుగుతాను. పుషర్ పొటెన్షియోమీటర్ ప్రస్తుతానికి మార్చి అలాగే నడిపిస్తా, వాల్వ్ మార్చే బడ్జెట్ వచ్చాక చూద్దాం.

గడ్డపార రాజు:
క్లాంప్‌కి పెట్టడం ఒప్పుకుంటా. సా హెడ్‌కి కొత్త సిలిండర్ దాకా వెళ్లడం మాత్రం ఒప్పుకోను. బయట మోడలే తీసుకుని రేకు కవర్ వేయించండి.

మెయింటెనెన్స్ మావయ్య:
కవర్ వేస్తే అల్యూమినియంతో వేయించు. మామూలు ఇనప రేకు మాగ్నెట్‌కి దగ్గరగా పెడితే అది ఇంకో తలనొప్పి.